మోకాలి వాంగ్మూలం

చీరాలలో గుంట మగ్గం మీద నేసే మాణిక్యమ్మకు కృత్రిమ మోకాలు వేసి రెండేళ్లయింది. ఆరు నెలలుగా గుంటలో కాలు దించి చెక్క తొక్కితే చాలు, ప్రాణం పోతోంది. మగ్గం ఆగితే ఇల్లు గడవదు. అందుకే, పాడైన కీళ్లు మార్చే పెద్ద డాక్టరు దగ్గరికి వచ్చింది.

"నొప్పి ఎక్కడ?" అన్నాడు డాక్టరు.

"ఇదుగో బాబూ, ఈ పక్కన..."

"మిమ్మల్ని కాదమ్మా," అంటూ ఆయన వంగి మోకాలికి చెవి ఆనించాడు. డాక్టర్లు పెట్టిన కృత్రిమ కీళ్లన్నీ మాట్లాడుతున్న రోజులవి. రోగులు ఉన్నవీ లేనివీ చెబుతారని వాళ్లని అడగడం ఎప్పుడో మానేశారు.

"నాకేం నొప్పి లేదు సార్," అంది మోకాలు సన్నటి గొంతుతో. "ఈవిడే రోజుకు తొమ్మిది గంటలు తొక్కిస్తోంది. కాస్త వదులయ్యాను, అంతే."

"అది వదులైతే నెప్పి నాక్కదా బాబూ," అంది మాణిక్యమ్మ.

డాక్టరు వినలేదు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. మోకాలిని ఆప్యాయంగా నిమిరి, చీటీ రాశాడు.

"నెల రోజులు పూర్తి విశ్రాంతి."

ఇల్లెలా గడుస్తుందో అనుకుంటూనే మాణిక్యమ్మ ఊపిరి పీల్చుకుంది. "అయితే మగ్గంలో దిగొద్దంటారా?"

"విశ్రాంతి మోకాలికమ్మా. మీకేం, నిక్షేపంగా నేసుకోండి."