నీళ్ల గొట్టం చప్పుడు

"మీ కోటు ఎక్కడికీ పారిపోదు లెండి. ముందు మా అమ్మాయి కథ వినండి!" అంది పిన్ని కుట్టుమిషన్ ఆపి.

మూల కుర్చీలోని పెద్దమనిషి నవ్వాడు. కోటు ఇంకా మిషన్ మీదే ఉంది. కాదంటే కుదరదు.

అమ్మాయికి సిగ్గేసింది. లోలోపల మాత్రం గర్వంగానే ఉంది.

కాలేజీ దరఖాస్తుకు ఈ సాయంత్రమే గడువు. మార్కులు అందరికీ ఉన్నాయి. సీటు తేల్చేది 'నీ జీవితంలో ఒక సంఘటన' అన్న వ్యాసమే. తోటి పిల్లలు ఏం రాయాలో తెలియక జుట్టు పీక్కుంటున్నారు. ఈమెకు ఆ బెంగ లేదు. ఇంటికి ఎవరొచ్చినా ఇంటిల్లిపాదీ చెప్పే కథ ఒకటుంది.

లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చదివింది.

"నాకప్పుడు ఆరేళ్లు. అమ్మ కిందికి వెళ్లింది. మా అంతస్తులో నిప్పంటుకుంది. మెట్ల నిండా పొగ. నా చెయ్యి నాకే కనిపించలేదు. ముందెక్కడో నీళ్ల గొట్టం టక్ టక్‌మని కొట్టుకుంటోంది. ఆ చప్పుడు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను. నాకు దగ్గు తెర వస్తే అదీ ఆగేది. తెర తగ్గాక మళ్లీ మొదలయ్యేది. అలా ఒక్కదాన్నే వీధిలోకి వచ్చిపడ్డాను."

"ఆరేళ్ల పిల్లండీ! నేనైతే ఇప్పటికీ బొద్దింకను చూస్తే మంచమెక్కేస్తాను" అంది పిన్ని మురిసిపోతూ.

పెద్దమనిషి కళ్లు మూసుకుని విన్నాడు.

"సాయానికి పిలవలేదా అమ్మా?"

"పిలిచానండీ. ఎవరూ పలకలేదు."

"మూతికి గుడ్డ కట్టుకుంటే మాట ఎక్కడ పెగులుతుంది!" అన్నాడు పెద్దమనిషి.

"అసలు మనిషంటూ ఉంటే కదండీ!" అంది పిన్ని.

"అదీ నిజమే" అన్నాడాయన.

అమ్మాయి రాసింది మరోసారి చూసుకుంది.

"ఆ గొట్టం సంగతి తీసేయనా అండీ? అది ఉంటే నా గొప్ప తగ్గుతుందేమో."

"తీసెయ్యమ్మా. చప్పుడుదేముంది? దిగింది నువ్వు. ఏడుస్తూ కూర్చోకుండా మెట్టు మెట్టూ దిగావు. అది చిన్న సంగతా?"

ఆ గొంతులో, పరాయి పిల్ల మీద ఉండాల్సినదానికన్నా ఎక్కువ గర్వం వినిపించింది.

అమ్మాయి గొట్టం ముక్కంతా కొట్టేసింది. ఇప్పుడు కథ అచ్చంగా తనది. మీట నొక్కి పంపేసింది.

పిన్ని కోటు అందించింది. ఆయన తొడుక్కుని, సంచిలోంచి మడత కర్ర తీసి విప్పాడు. చేత్తో గుమ్మం తడుముకున్నాడు. ఆయనకు చూపు లేదని అమ్మాయి అప్పుడు గానీ గమనించలేదు.

"సీటు నీదేనమ్మా" అని మెట్ల వైపు నడిచాడు.

టక్. టక్. టక్.

అమ్మాయి చటుక్కున లేచింది. పిలవబోతే దగ్గు తెర వచ్చింది.

మెట్ల మీద చప్పుడు ఆగిపోయింది.

ఆమె దగ్గు తగ్గేదాకా ఆగి, మళ్లీ మొదలైంది.

ఇందాక తన కథలోంచి తీసేసింది నీళ్ల గొట్టాన్ని కాదు, ఆ పొగలో తన దగ్గు వింటూ ఆగి ఆగి ముందు నడిచిన ఈ మనిషిని.