ఖాళీదని చెప్పిన రైఫిలు

మా మోంటానా తుపాకీ హక్కుల సంఘం బోర్డుకి ఎవరిని నిలబెట్టాలో తేల్చే కమిటీలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. చదువురాని ముసలిది దరఖాస్తులేం చూస్తుందని ఈసారి గొణిగారు. అందుకే నా తీర్పు నోటితో చెప్పి రాయిస్తున్నాను.

ఉన్నది ఒక్క సీటు, అడిగినవాళ్లు నలుగురు. ఒక్కొక్కరినీ పిలిచి మా ఆయన రైఫిలు చేతికిచ్చాను. "ఖాళీదేలే, చూడు" అన్నాను. లోపల మందు తీసేసిన ఉత్తుత్తి తూటా పెట్టింది నేనే.

ఒకాయన రైఫిలు కర్ర పిడి నునుపు మెచ్చుకున్నాడు. ఇంకొకాయన గోడమీది దుప్పి తలకి గురిపెట్టి హక్కుల మీద ఉపన్యాసం అందుకున్నాడు. నాలుగు పేజీల దరఖాస్తు పెట్టిన మా తమ్ముడు వెండెల్ రైఫిలు భుజానేసుకుని ఫొటోకి నిలబడ్డాడు.

స్కూలు బస్సు నడిపే పిల్ల మాత్రం గొట్టం నేలకి దించి, లోపల చూడ్డానికి బోల్టు లాగింది. తూటా బల్ల మీద దొర్లింది.

"ఖాళీ అంటే ఇదేనా మామ్మా? ముందు మీ చేతిలోంచి తుపాకీ లాక్కోవాలి!" అని నన్నే కసిరింది.

"నువ్వు ఖాళీ అన్నావు కదక్కా, నమ్మాను" అని తూటా సంగతి తెలిశాక నసిగాడు వెండెల్.

"కన్నతల్లి చెప్పినా తెరిచి చూడాలని నీకు పదేళ్లప్పుడే నేర్పాను కదరా!"

కాబట్టి బ్యాలెట్ మీద బస్సు పిల్ల పేరే ఎక్కాలి.

ఏం వెండెల్, కలం ఆగిందేం? చేతిరాత బాగుంటుందనేగా నిన్ను కూర్చోబెట్టాను, రాయి. రాశానని నువ్వంటే మాత్రం నేను వేలిముద్ర వెయ్యను. ఆ పిల్లని పిలిచి చదివించాకే వేస్తాను.