మూడో రాతి కడ్డీ

భూముల దళారి భూపాల్ నోట మన్ను పడ! ఒక్క బోరు గుంతకేనని నమ్మించి, నాలుగో తరగతిలోనే బడి మానిన గట్టయ్యతో మొత్తం భూమి మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇప్పుడు ఆ భూమి కింద నికెల్ గని తవ్వుతారట. గట్టయ్యేమో తార్నాక పక్కన యూనివర్సిటీలో, రాళ్ల పెట్టెలు దాచే గోదాముకు రాత్రి కాపలా.

పరిశోధన చేసే స్నేహలత తాళంచెవి ఇచ్చిపోతూ నవ్వింది.

"గట్టయ్యన్నా, ఇయ్యాల వచ్చిన పెట్టె మీ భూమిలదే. నికెల్ రాయి, ఇనుము లెక్క బరువున్నది. మీ ఆస్తికి మీరే వాచ్‌మన్!"

"నవ్వు బిడ్డా, నవ్వు. పోయింది నాది గదా."

ఆమె బండి చప్పుడు తార్నాక వైపు వెళ్లి అణిగిపోయింది. గట్టయ్య పెట్టె తెరిచాడు. బోరు వేసి తీసిన గుండ్రటి రాతి కడ్డీలు ఇత్తడిలా మెరిశాయి. బొగ్గు గనిలో పదేళ్లు పనిచేసిన మనిషి. గడ్డపారతో గని పైకప్పును కొట్టి వినందే ఏనాడూ ముందుకు నడవలేదు. గట్టి రాయి ఖంగుమంటుంది, డొల్ల రాయి మోగదు.

అలవాటుకొద్దీ తాళంచెవితో కొట్టాడు. మొదటిది ఖంగుమంది. రెండోదీ అంతే. మూడోది మోగలేదు. అంత బరువైన రాయి డొల్ల ఎలా అవుతుంది? గట్టయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

అప్పుడు రాతిలోంచి మూడు దెబ్బలు వినిపించాయి. కాస్త ఆగి, మళ్లీ మూడు.

చిన్నప్పుడు ఆ భూమిలోనే బావి కూలింది. అడుగున చిక్కుకున్న నాయన తెల్లవార్లూ గడ్డపారతో అలాగే కొట్టాడు. ఎవరూ తీయలేకపోయారు.

మళ్లీ మూడు. ఈసారి ఇంకా దగ్గరగా.

"నాయనా, నేను గట్టిగాణ్ణి," అన్నాడు పెట్టె మీదికి వంగి. "భూమి పోయింది నాయనా. నువ్వున్న బాయితోని కలిపి, రెండెకరాల పదకొండు గుంటలు."