వెళ్ళొస్తామండీ

నేపర్‌విల్‌లో పాతికేళ్ళు ఉద్యోగం చేశాక, మా ఆవిడ చాముండేశ్వరి, నేను మొదటిసారి ఇద్దరమే వెకేషన్‌కి వెళ్ళాం. గ్రీసులో ఒక చిన్న దీవి. బీచ్ గోల లేకుండా, దీవి మధ్యలో కొండల నడుమ ఉన్న ఊళ్ళో ఇల్లు బుక్ చేశాను.

మొదటిరోజే పక్కింటి ముసలాయన పోయాడు. ఆ ఇంటివాళ్ళు సైగ చేసి పిలిస్తే మర్యాదకి లోపలికెళ్ళాం. శవం తల దగ్గర కొవ్వొత్తి వెలుగుతోంది. కాసేపు కూర్చుని లేచేటప్పుడు, చాముండేశ్వరి అలవాటుకొద్దీ ఆ శవం వైపు తిరిగి, "వెళ్ళొస్తామండీ" అంది.

బయటికొచ్చాక కసిరాను. "చావింట్లో ఎవరైనా మళ్ళీ వస్తామని చెప్తారటే?"

"నోరు జారిందండీ. అయినా ఆయనకి తెలుగొచ్చా ఏంటి?"

ఇద్దరం నవ్వుకున్నాం.

రాత్రి రెండింటికి మెలకువొచ్చింది. ఊళ్ళో కుక్క కూడా అరవడం లేదు. రాళ్ళు పరిచిన వీధిలో ఎవరో ఉత్తకాళ్ళతో మెల్లగా నడిచొస్తున్నారు. ఆ అడుగులు మా గుమ్మం దగ్గర ఆగాయి.

"వస్తామన్నారు కదా, ఇంకా రాలేదేం?" అంది తలుపవతల ఒక ముసలి గొంతు. తెలుగే. మా కోనసీమ యాస.

చాముండేశ్వరి దుప్పటి కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పలక్కండి," అంది చెవిలో.

"ఇద్దరూ అక్కర్లేదు, ఒక్కరు చాలు," అంది గొంతు. "ఆ మాట అన్నదెవరు?"

తలుపు గడియ కదిలింది.

నేను చెయ్యి విడిపించుకున్నాను.

"నేను కాదండీ," అన్నాను. "మా ఆవిడే."