లైటు కోసం నిలబడినవాడు

పొద్దున ఆరుంబావు. ఆదోని కొండ కింద మంచు ఇంకా విడలేదు.

తన్వీర్ కెమెరా పట్టుకుని వణుకుతున్నాడు.

ఎమ్మిగనూరు పెళ్లికూతురు నందిని ఫోటోలు ఇక్కడే తీయాలి. ఇంత పెద్ద పని అతనికి ఇదే మొదటిది. ఈ చలిలో పట్టుచీర కట్టుకున్న పిల్ల అరగంట కంటే ఎక్కువసేపు ఉండలేదు. ముక్కు ఎర్రబడితే ఏ కెమెరా దాచలేదు. అందుకే ఎండ ఏ నిమిషానికి ఎక్కడ పడుతుందో ముందే తేల్చుకోవాలని రోజూ వస్తున్నాడు.

లైటు చూసుకోవడానికి ఎదురుగా ఒక మనిషి కావాలి. కంబళి కప్పుకుని అటుగా నడిచే ముసలాయన దొరికాడు. పేరు బసప్ప.

"తాతా, రోంతసేపు ఈడ నిలబడతావా?"

"దానికేమప్పా," అంటూ ఆయన కంబళి తీసి పక్కన పెట్టాడు.

"కప్పుకో తాతా, సలి. నాకు లైటు తెలిస్తే సాలు."

"వద్దులేప్పా."

మర్నాడు ఆయన గడ్డం గీసుకుని వచ్చాడు. ఆ పైరోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. ముసలోడికి సోకు ఎక్కువేనని తన్వీర్ లోలోపల నవ్వుకున్నాడు.

పైగా ఆయన ఊరికే నిలబడే రకం కాదు.

"బ్యాటరీ లోపలి జేబులో పెట్టుకోప్పా. సలికి తొందరగా దిగిపోతాది."

"ఆ రాయి కాడ వద్దు. పెండ్లికూతురు ముఖం మీద నీడ పడ్తాది. ఇట్ల రా."

నాకు నేర్పేటంతటోడివా అని తన్వీర్‌కు నోటిదాకా వచ్చింది. చెప్పిన చోటికి వెళ్లి చూస్తే వెలుగు నిజంగానే బాగుంది.

వెళ్లేముందు ఆయన రోజూ ఒకటే అడిగేవాడు.

"బాగొచ్చినానా?"

"బ్రహ్మాండంగా వచ్చినావు తాతా," అనేవాడు తన్వీర్, చూడకుండానే.

పరీక్షకు తీసినవి ఎవరు దాచుకుంటారు? కొండ దగ్గర నుంచి కదలకముందే చెరిపేసేవాడు.

నందిని ఫోటోలు అందరికీ నచ్చాయి. పత్తికొండ నుంచి కూడా పిలుపులు వచ్చాయి. ఆ సందడిలో బసప్పను మరిచేపోయాడు.

నెల తర్వాత ఒకామె స్టూడియోకు వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"నా పేరు దేవక్క. బసప్ప కూతుర్నప్పా. మా నాయన మొన్న పోయినాడు. పటం కట్టిచ్చల్ల. ఫోటో నీకాడ ఉందని సెప్పినాడు."

తన్వీర్ లేదని తెలిసీ కంప్యూటర్ తెరిచాడు. కెమెరాలోని ఆ మెమరీ కార్డు మీద అప్పటికే నాలుగు పెళ్లిళ్లు ఎక్కాయి.

"ఆధార్ కార్డులో ఉంటాది గదక్కా?"

"పెద్దది సేయిస్తే ముఖమే తెలీలేదప్పా. ఇంగ యాడా లేదు."

"పోయినాకైనా సెల్లులో ఒకటి తీసుకోవల్సింది," అన్నాడు, తప్పు తనది కాదన్నట్టు.

"తీయొద్దని ఒట్టేయించుకున్నాడు."

దేవక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"బతికుండగా ఫోటో దిగని పేదోళ్లు సచ్చిపోతే, నలభై ఏండ్లు ఊరూరూ తిరిగి ఆ శవాలకు ఫోటోలు తీసిచ్చినాడప్పా మా నాయన, తనదొక్కటన్నా కండ్లు తెర్సినది ఉండల్లనే అంత సలిలో వచ్చి నీ ముందర నిలబడినాడు."