చిక్కుకుపోయిన నాటకం

ఉదయం పదకొండు గంటలకు మామగారి నాటకం తెరుచుకుంది.

పదవీ విరమణకు ముందు ఆఫీసు కంప్యూటర్లో రాసిన నాటకమది. ఫైలు ఆయనతో ఇంటికొచ్చింది, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనే ఉండిపోయింది. "బంగారంలాంటి నాటకం లోపల చిక్కుకుపోయిందయ్యా" అని మూడేళ్లుగా కనిపించినవాళ్లందరినీ ఊదరగొడుతూ వచ్చారు. మరో అక్షరం రాయలేదు. కోడలు పైసా ఖర్చు లేకుండా, ఉచితంగా దొరికే వ్యూయర్లో దాన్ని తెరిచింది.

"ఇదిగో మామయ్యా! సాయంత్రం దర్శకుడు బాబాయిగారికి చదివి వినిపించండి. నచ్చితే వెంటనే ఆడిస్తామన్నారుగా."

మామగారు కళ్లజోడు సర్దుకుని చదవసాగారు. రెండో రంగం సగంలో ఆగారు.

"అమ్మాయ్, ఈ హీరోగాడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడేంటి?"

"నాలుగు పేజీల నుంచి మామయ్యా. మధ్యలో మంచినీళ్లు కూడా తాగలేదు."

"కాస్త కత్తిరిద్దాం."

"ఇందులో చదవడమే కుదురుతుంది, మార్చడం కుదరదు."

ఆయన గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించారు. "అయితే తెరుచుకోలేదని చెప్పు."

కోడలికి నవ్వు పొంగుకొచ్చింది. ఆయన ముఖం చూసి మింగేసింది.

"ఎన్నాళ్లని చెప్పమంటారు?"

మామగారు తెర మీద నాటకాన్ని మూసేశారు.

"కొత్తది రాసేవరకు" అన్నారు.

సాయంత్రం దర్శకుడు గుమ్మంలో ఉండగానే అడిగాడు. "ఏమ్మా, తెరుచుకుందా?"

"ఇంకా లేదు బాబాయిగారూ."

"మరి మీ మామగారేరీ?"

"లోపల టైపు చేసుకుంటున్నారు."