చిరిగిన చెవి

బొమ్మలు వేసే సోమలింగం పెరట్లో గోధుమరంగు తల్లికుక్క ఒకటి ఉండేది. పోయిన వానాకాలంలో దాని పిల్ల తప్పిపోయింది. అప్పటి నుంచి అది రోజంతా గేటు వైపే చూస్తూ కూర్చునేది. ఇంత కదలకుండా కూర్చునే కుక్క మళ్లీ దొరకదని సోమలింగం దాని బొమ్మ మొదలుపెట్టాడు.

గోడ మీది కోడిపుంజు ఊరుకుంటుందా? "ఒసే, ఆ చిరిగిన చెవి అటు తిప్పుకోవే! బాగున్న చెవి చూపించు. నలుగురూ చూసే బొమ్మ!" అంది.

కుక్క తల తిప్పింది. సోమలింగం స్టూలు ఎత్తుకుని చిరిగిన చెవి వైపుకే వచ్చి కూర్చున్నాడు. అది మళ్లీ తిప్పింది. ఆయన మళ్లీ వచ్చాడు. ఉన్నది ఉన్నట్టు వేస్తే తప్ప ఆయనకు నిద్రపట్టదు.

బొమ్మ పూర్తయ్యాక ఎండలో ఆరబెట్టి లోపలికి వెళ్లాడు. కుక్క వెళ్లి వాసన చూసింది. రంగుల కంపు తప్ప ఏమీ లేదు.

"ఇది నేను కాదు," అంది.

"నువ్వే! చీలికతో సహా దించేశాడు. పరువు పోయింది," అంది పుంజు.

కుక్క సిగ్గుతో నీళ్ల తొట్టి వెనక్కి పోయి ముడుచుకుని పడుకుంది.

సాయంత్రం వీధిలో పోతున్న కుర్రకుక్క ఒకటి గేటు దగ్గర ఆగింది. బొమ్మనే చూస్తూ తోక ఊపడం మొదలుపెట్టింది.

"ఏంట్రా ఆ చూపు?" అని కసిరింది పుంజు.

"ఆ చెవిని ఆడుకుంటూ పాలపళ్లతో నేనే కొరికాను," అంది కుర్రకుక్క. "మా అమ్మ ఇక్కడుందా?"

తొట్టి వెనక నుంచి ముందుగా పైకి లేచింది ఆ చిరిగిన చెవే.